పేరు పలకలు లేని గోడల మధ్య భోజనం: నీస్ నుంచి సెయింట్ పాల్ దాకా నాలుగు రోజులు

దక్షిణ ఫ్రాన్స్‌లో నీస్ నుంచి కొండల వైపు సుమారు ఇరవై కిలోమీటర్లు వెళ్తే సెయింట్ పాల్ ద వాన్స్ అనే కోట ఊరు వస్తుంది. చుట్టూ ఉన్న ప్రాకారం పదహారో శతాబ్దంలో మొదటి ఫ్రాన్స్వా రాజు కట్టించినది. ఆ ప్రాకారం గుమ్మం బయటే ‘లా కొలొంబ్ దోర్’ ఉంది. బంగారు పావురం అని అర్థం. పాతిక గదుల సత్రం, ఓ భోజనశాల, అంజూరపు చెట్ల నీడలో ఓ టెర్రస్, అంతే. గోడల మీద మాత్రం పికాసో, మతీస్, బ్రాక్, మీరో, షగాల్ లాంటి ఇరవయ్యో శతాబ్దపు పెద్ద చిత్రకారుల బొమ్మలు.

స్థానిక రైతు కుటుంబంలో పుట్టిన పోల్ రూ 1920లో ఇక్కడ ‘షే రోబాఁసోఁ’ అనే చిన్న కాఫీ హోటల్ తెరిచాడు. వారాంతాల్లో టెర్రస్ మీద డాన్సులు జరిగేవి. తర్వాత భార్య తితీన్‌తో కలిసి కొన్ని గదులు వేసి సత్రం చేశాడు, 1930ల మొదట్లో పేరు మార్చాడు. ‘గుర్రమెక్కి వచ్చినా, కాలినడకన వచ్చినా, బొమ్మ పట్టుకుని వచ్చినా ఇక్కడ బస దొరుకుతుంది’ అని బోర్డు కట్టాడు. భవనం ముఖభాగానికి రాళ్లు ఎక్స్ ఆన్ ప్రొవాన్స్ దగ్గరి పాత కోట నుంచి తెప్పించి పేర్చారు. అందుకే వందేళ్ల సత్రం దాదాపు ఐదు వందల ఏళ్ల ప్రాకారం పక్కన పరాయిదానిలా కనిపించదు.

ఈ చోటు గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది: పేద చిత్రకారులు తిన్న అన్నానికి డబ్బుల్లేక బొమ్మలిచ్చి పోయారని. సగమే నిజం. రెండో ప్రపంచ యుద్ధం నాటికి పికాసో, మతీస్, బ్రాక్ ఎవరూ పేదలు కారు. పోల్ రూ తనే బొమ్మలు వేసేవాడు, వాళ్లతో స్నేహం చేశాడు, కొన్నాడు, మార్చుకున్నాడు, కానుకలుగా తీసుకున్నాడు. ఇంట్లో వేలాడదీసుకున్నట్టే వేలాడదీశాడు. ఇప్పటికీ అదే కుటుంబం నడుపుతోంది.

యాత్రికుడు తెలుసుకోవలసిన అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇది మ్యూజియం కాదు, కాబట్టి బొమ్మ కింద పేరు పలక ఉండదు. ఏది ఎవరిదో మన కన్నే చెప్పాలి. తిన్నగా వచ్చి కూర్చుంటే ‘గోడ మీద ఏవో బొమ్మలున్నాయి, బిల్లు గట్టిగా పడింది’ అన్న జ్ఞాపకమే మిగులుతుంది. ముందు రెండు రోజులు చుట్టుపక్కల ఇదే చిత్రకారుల చేతి పని చూసి వస్తే, రొట్టె తుంచుకుంటూ ఉండగానే ఎదుటి గోడ మీదిది ఎవరిదో తెలిసిపోతుంది. ఈ నాలుగు రోజుల వరుస అలా వేసిందే.

బయల్దేరే ముందు

టేబుల్ ముందు, విమానం టికెట్ తర్వాత. ఏటా అక్టోబరు చివర్లో ఈ సత్రం తలుపులు మూసేసి మళ్లీ క్రిస్మస్ ముందు తెరుస్తారు. జనవరిలో ఇంకో చిన్న విరామం ఉంటుంది. దీపావళి నవంబరులో పడిన ఏడు పండగ సెలవులకు వెళ్దామనుకుంటే కుదరదు. మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. ఆ నెలల్లో టెర్రస్ కావాలంటే కొన్ని వారాల ముందే అడగాలి.

ఫోన్ చేసేటప్పుడు వేళ చూసుకోండి. వేసవిలో ఫ్రాన్స్ మనకన్నా మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. వంటశాల హడావుడిగా ఉండే పన్నెండు నుంచి మూడు మధ్య ఫోన్ చేస్తే పొడి జవాబు వస్తుంది. వాళ్ల ఉదయం పదిన్నర, అంటే వేసవిలో మన మధ్యాహ్నం రెండు, సరైన వేళ. తేదీ, ఎంతమంది, మధ్యాహ్నమా రాత్రా, టెర్రస్సా లోపలా, శాకాహారులు ఎంతమంది, ఈ ఐదూ ఒకే ఊపిరిలో చెప్పేయండి. ముందురోజు మళ్లీ ఒకసారి ఖాయం చేసుకోవడం అక్కడి మర్యాద.

టెర్రస్సా, లోపలా అన్నది చిన్న ప్రశ్న కాదు. అందరూ టెర్రస్ కోసం కొట్టుకుంటారు. ఎండ, అంజూరపు చెట్లు, తెల్ల గొడుగులు, గోడ మీద చిత్రకారుడు లెజే సెరామిక్ (కాల్చిన మట్టి బొమ్మ), అన్నీ నిజమే. కానీ చిత్రాల్లో ఎక్కువ భాగం లోపలి గదుల్లో ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు, బొమ్మల కోసమే వెళ్లేవాళ్లు లోపలి టేబుల్ అడగండి. జులై, ఆగస్టు ఎండలో మనవాళ్లకు కూడా లోపలే హాయి.

వీసా సంగతి క్లుప్తంగా: ఫ్రాన్స్‌కు కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు.

వారం లెక్క కూడా ముఖ్యమే. నీస్‌లో షగాల్, మతీస్ మ్యూజియంలు, బియో అనే ఊళ్లో లెజే మ్యూజియం మంగళవారం మూసేస్తారు. సెయింట్ పాల్ పక్క ఊరు వాన్స్‌లో మతీస్ చాపెల్ (చిన్న ప్రార్థన మందిరం) ఆది, సోమవారాల్లో చూడనివ్వరు. నీస్ కూరగాయల సంతలో సోమవారం పాత సామాన్లు అమ్ముతారు, కూరగాయలు ఉండవు. ఇవన్నీ కలిపి చూస్తే బుధవారం దిగడం అన్నిటికన్నా మేలు.

మొదటి రోజు, బుధవారం: నీస్

విమానాశ్రయం నుంచి రెండో నంబరు ట్రామ్ ఊళ్లోకి తీసుకెళ్తుంది. రెండు టెర్మినళ్లు, గ్రాండ్ అరెనాస్ స్టాప్ మధ్య ఉచితం. ఊళ్లోకి వెళ్లాలంటే టికెట్ తప్పనిసరి. సామాను గదిలో పడేసి పాత ఊళ్లో కూర్ సలేయా సంతకు వెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కూరగాయల వాళ్లు సర్దేస్తారు. ఇక్కడ చూడవలసినవి ఊదారంగు చిన్న ఆర్టిచోక్ మొగ్గలు, పువ్వుతో సహా అమ్మే లేత కూర్జెట్లు (జుకినీ), సోంపు దుంపలు. ఎల్లుండి బుట్టలో ఎదురుపడే సరుకు ఇదే.

తినడానికి సొక్కా. శనగపిండి అట్టు అనుకోండి, కానీ పెనం మీద కాదు, కట్టెల పొయ్యిలో. పావుకిలో శనగపిండికి అరలీటరు నీళ్లు, మూడు చెంచాల ఆలివ్ నూనె, చెంచాడు ఉప్పు. పిండిని కొన్ని గంటలు నాననిస్తారు. వెడల్పాటి రాగి పళ్లేనికి నూనె పూసి పల్చగా పోసి మండే పొయ్యిలోకి తోస్తారు. పైన మచ్చలు మచ్చలుగా మాడాలి, లోపల మెత్తగా జున్నులా ఉండాలి. మన ఇళ్లలో చేస్తే ఎందుకు కుదరదంటే పొయ్యి వేడి చాలక. మామూలు ఓవెన్లో పైన రంగు వచ్చేలోపు లోపల ఎండిపోతుంది. నీస్‌లోనూ వేడి దీపం కింద గంటసేపు పెట్టి అమ్మే దుకాణాలున్నాయి. పళ్లెం పొయ్యిలోంచి అప్పుడే వస్తున్న చోట వరుసలో నిలబడండి. పైన మిరియాల పొడి బాగా చల్లించుకోండి.

సొక్కాలో గుడ్డు, పాలు, చేప ఏవీ లేవు. శాకాహారులకు ఈ ఊళ్లో నిశ్చింతగా తినగలిగింది ఇదొక్కటే అన్నా తప్పులేదు. పిస్సలదియేర్ అనే ఉల్లిపాయల రొట్టె చూడటానికి అమాయకంగా ఉంటుంది, పైన ఆంచోవీలుంటాయి. ఆంచోవీ అంటే మన నెత్తళ్ల జాతి చేపే. ఉప్పులో ఊరేసి, నూనెలో వేసి, ఒక్కోసారి కనిపించకుండా నూరేసి కలుపుతారు. ‘ప్తి ఫర్సి’ అనే కూరిన కూరగాయల్లో మాంసం ఉంటుంది. ఈ ఒక్క వాక్యం నోటికి పట్టించుకోండి: ‘జె న మాంజ్ ని వియాంద్, ని ప్వాసోఁ, ని ఆఁశ్వా.’ మాంసం, చేప, ఆంచోవీ తినను అని. ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే ఆంచోవీని లెక్కలోకి తీసుకోని వంటవాళ్లు ఉన్నారు.

మధ్యాహ్నం షగాల్ మ్యూజియం. రైల్వే స్టేషన్ నుంచి ఎత్తుకు ఇరవై నిమిషాల నడక. 1973లో, షగాల్ బతికుండగానే తెరిచారు. బైబిలు మీద వేసిన పదిహేడు పెద్ద చిత్రాలు: పెద్ద హాల్లో పన్నెండు, పక్క గదిలో పరమగీతం మీద ఐదు, ఐదూ ఎరుపే. షగాల్ చేతిని గుర్తుపట్టడం కష్టం కాదు. మనిషి నేల మీద నిలబడడు, గాలిలో పక్కకు వాలి ఉంటాడు. మూలన ఎక్కడో ఒక కోడిపుంజో, మేకో, గాడిదో ఉంటుంది. రంగు గీత దాటి పక్క వస్తువు మీదికి పాకుతుంది. ఓపిక ఉంటే నీస్‌లోనే సిమియే పేటలో మతీస్ మ్యూజియం కూడా. ప్రయాణ బడలిక ఉంటే వదిలేయండి, రేపంతా మతీసే.

రెండో రోజు, గురువారం: వాన్స్

నీస్ నుంచి రైల్లో కాన్య్ సుర్ మేర్ పావుగంట. అక్కడి నుంచి బస్సు. నేరుగా వెళ్లే బస్సులూ ఉన్నాయి. పాత గైడ్ పుస్తకాలన్నిటిలో ‘400 నంబరు బస్సు’ అని ఉంటుంది. రూట్లు మారాయి కాబట్టి ఆ నంబరు కోసం స్టాపులో నిలబడకండి, ముందురోజే కొత్త నంబరు, ఆఖరి బస్సు వేళ చూసుకోండి. రాత్రి బస వాన్స్‌లో పెట్టుకుంటే సెయింట్ పాల్ కన్నా చవక. అక్కడి నుంచి రేపు నాలుగైదు కిలోమీటర్లే.

మతీస్ చాపెల్ అసలు పేరు రోజేర్ చాపెల్, ఊరి మధ్య నుంచి ఇరవై నిమిషాల నడక. బయట నుంచి ఏమీ అనిపించదు: తెల్ల గోడలు, నీలం తెలుపు పెంకులు, సన్నటి ఇనప శిలువ. 1941లో పెద్ద ఆపరేషన్ నుంచి బయటపడిన మతీస్‌కు మరుసటి ఏడు మోనిక్ బుర్జ్వా అనే యువతి నర్సుగా వచ్చింది. తర్వాత ఆమె డొమినికన్ సన్యాసిని అయింది. వాళ్ల చాపెల్‌కు కిటికీ అద్దాల మాటతో మొదలైంది. మతీస్ అద్దాలు, గోడలు, బలిపీఠం, పూజారి వస్త్రాలు అన్నీ తనే తీసుకుని దాదాపు నాలుగేళ్లు పనిచేశాడు. 1951 జూన్ 25న ప్రతిష్ఠ జరిగింది.

అద్దాల్లో మూడే రంగులు: పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎదురు గోడ మొత్తం తెల్ల సెరామిక్ పలకలు, వాటి మీద నల్ల గీతలు. సెయింట్ డొమినిక్ మొహంలో కళ్లు, ముక్కు, నోరు లేవు. నిలువెత్తు వస్త్రం మడతలు పది పన్నెండు గీతల్లో తేలిపోయాయి. పొడవాటి వెదురుకర్ర చివర బొగ్గు కట్టి, గోడకు దూరంగా నిలబడి గీసి సాధన చేశాడు మతీస్. గీత వేళ్ల నుంచి కాక భుజం నుంచి వచ్చింది, అందుకే ఎక్కడా వణుకు లేదు. వెనక గోడ మీద శిలువ మార్గం పద్నాలుగు ఘట్టాలూ ఒకే పలకల గుంపులో, అంకెలు వేసి, ఆదరాబాదరాగా రాసిన చీటీలా ఉంటాయి. కొందరికి నచ్చదు. పది నిమిషాలు కూర్చోండి.

చలికాలం ఉదయం పదకొండు గంటల వెలుగులో చాపెల్ బాగుంటుందని మతీస్ మాట. వేసవిలో సూర్యుడు ఎత్తు మీద ఉంటాడు, రంగు నేల మీద దగ్గరగానే పడి ఆగిపోతుంది. చలికాలపు వాలు వెలుగు ఎదుటి గోడ దాకా పాకుతుంది. ఏ కాలంలోనైనా పొద్దుటి పూటే వెళ్లండి. తెరిచే వేళలు తక్కువ, ఋతువును బట్టి మారతాయి. లోపల ఫోటోలు తీయనివ్వరు. బలిపీఠం రాయిని దగ్గరగా చూడండి: రొట్టె రంగు, రొట్టెకున్నట్టే చిన్న చిన్న బొరియలు. మతీస్ కావాలని ఏరుకున్న రాయి అది.

మధ్యాహ్నం వాన్స్ పాత ఊళ్లో చర్చి. లోపల బాప్తిస్మపు గదిలో షగాల్ మొజాయిక్ ఉంది, నైలు నదిలోంచి మోషేను బయటికి తీస్తున్న దృశ్యం. నిన్నటి పాఠం గుర్తుందో లేదో ఇక్కడే తేలిపోతుంది. రాత్రికి తేలిగ్గా సూపు, రొట్టె చాలు. రేపటికి ఆకలి దాచుకోవాలి.

మూడో రోజు, శుక్రవారం: సెయింట్ పాల్

పొద్దున పదికల్లా మాగ్ ఫౌండేషన్ గేటు దగ్గర ఉండాలి. ఊరికి సుమారు కిలోమీటరు దూరంలో పైన్ చెట్ల గుట్ట మీద ఉంది. వాన్స్ నుంచి వస్తుంటే ఊరికన్నా ముందే బస్సు దిగిపోవచ్చు. ముందు భోజనం, తర్వాత మ్యూజియం అని పెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. కడుపు నిండా తిని, వైన్ తాగి, రెండున్నర ఎండలో ఆ గుట్ట ఎక్కడం ఎవరి వల్లా కాదు.

ఎమె మాగ్, మార్గెరీత్ మాగ్ అనే ఆర్ట్ డీలర్ల జంట తమ చిన్న కొడుకు బెర్నార్ చనిపోయాక, చిత్రకారులైన స్నేహితుల ప్రోద్బలంతో దీన్ని కట్టించారు. వాస్తుశిల్పి హోసెప్ లూయీ సెర్ట్, ప్రారంభం 1964. కప్పు మీద తెల్లటి దొప్పల్లా కనిపించేవి వాననీరు పట్టేవి. రెండు గంటల్లో మూడు చేతులు గుర్తుపెట్టుకుంటే చాలు. మీరో: నల్ల గీత చివర చుక్కో నక్షత్రమో, ఎరుపు పసుపు నీలం ముద్దలు, ఎక్కడో ఒక కన్ను. తోటలో అతని చిట్టడవి దారి మొత్తం నడవండి. బ్రాక్: పక్షి. రెక్కలు చాచి, కళ్లూ ఈకలూ లేకుండా, నీడలాంటి పక్షి. ఆయన అడుగున చేపలు వేసిన నీటి కొలను కూడా ఇక్కడుంది. శిల్పి కాల్డర్: సన్న కడ్డీల చివర రేకులు, గాలికి తూగేవి. శిల్పి జకొమెట్టి బొమ్మలున్న ముంగిలి అదనం. అది ఎవరూ చెప్పకపోయినా గుర్తుండిపోతుంది.

పన్నెండు కాకముందే కిందికి దిగడం మొదలుపెట్టండి. దిగుడు పావుగంట. టేబుల్ పన్నెండున్నరకు చెప్పి ఉండాలి. ఒకటిన్నరకు చెప్తే వంటశాల మీద ఒత్తిడి ఎక్కువ, మీ వంతు నెమ్మదిగా వస్తుంది. పావుగంట మించి ఆలస్యమైతే టేబుల్ ఇంకొకరికి పోయే ప్రమాదం ఉంది. కొండదారిలో బస్సును నమ్మి పన్నెండున్నరకు చెప్పుకున్నవాళ్లకు తరచూ జరిగేది అదే. సూటూ బూటూ అక్కర్లేదు, కానీ బీచ్ నిక్కర్లతో వెళ్లకండి.

లోపలికి వెళ్లగానే తల తిప్పి తిప్పి చూడాలనిపిస్తుంది. ఆగండి. ముందు కూర్చుని ఆర్డరు ఇచ్చేయండి. మెనూ చేత్తో రాసినట్టుంటుంది, ఫ్రెంచి. ‘ఆఁత్రే’ అంటే ఇక్కడ మొదటి వంటకం, ‘ప్లా’ అసలు వంటకం. వంట విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. ఇది మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్ల కోసం వండే వంటశాల కాదు. చుక్కలు చుక్కలుగా సాసు పెట్టి, పట్టకారుతో పువ్వు అమర్చే పని లేదు. ప్రొవాన్స్ అనే ఈ దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతపు ఇంటి వంటను మంచి సరుకుతో, తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద పెడతారు. ఇంత ఖర్చుకు ఇదేనా అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు రావలసిన చోటు ఇది కాదు.

అడగవలసింది ఒకటి ‘ఓర్ దవ్ర్’, రెండోది కూరగాయల బుట్ట. ఓర్ దవ్ర్ అంటే ఒక పళ్లెం కాదు. చిన్న చిన్న గిన్నెలు పదిహేను దాకా వచ్చి బల్లను కప్పేస్తాయి: నూనెలో ఊరిన కాప్సికం, పచ్చ మసూర్ లాంటి పప్పు, కాబూలీ శనగలు, బీట్‌రూట్, కూర్జెట్-వంకాయల రాటటూయ్, సెలెరీ దుంప తురుము, ఆంచోవీలు, సాసేజి ముక్కలు. ఇంటింటి పచ్చళ్లు, వేపుళ్లు, కూరలు ఒకేసారి వడ్డించినట్టు. ఇద్దరికి ఒకటి చాలు. ఇద్దరూ చెరొకటీ చెప్పి, ఆపైన చెరొక మాంసం చెప్పి, మూడో వంతు వదిలేయడం ఇక్కడ రోజూ కనిపించే దృశ్యం.

బుట్ట సంగతి వేరు. దాంట్లో కూరగాయలు తరగకుండా, ఉడకబెట్టకుండా, తోటలోంచి కోసి తెచ్చినట్టే వస్తాయి: టమాటా, దోస, ముల్లంగి, సెలెరీ, సోంపు దుంప, సలాడ్ ఆకు, ఆర్టిచోక్, ఉడకబెట్టిన గుడ్డు. కత్తి మీ చేతిలోనే. ఆర్టిచోక్‌తో చాలామంది తడబడతారు. బయటి గట్టి రెక్కలు కిందికి విరిచి పారేయాలి. లేత పసుపు రెక్కలు కనిపించగానే ఆపి, పై మూడో వంతు అడ్డంగా కోసేసి, మిగిలింది నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. కోసిన వెంటనే తినాలి, ఆలస్యమైతే నల్లబడుతుంది. ముంచుకోవడానికి ఆంశ్వాయాద్ ఇస్తారు: ఆంచోవీ, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరింది. శాకాహారులు ఉత్త ఆలివ్ నూనె, గళ్లుప్పు, నిమ్మకాయ అడగండి. రుచి ఏం తగ్గదు. సోంపు దుంప ముక్క నూనెలో ముంచి తింటే మన సోంపే, కాకపోతే చెరుకు ముక్కలా కరకరలాడుతుంది.

అసలు వంటకానికి మాంసాహారులకు సిస్తెరోఁ గొర్రెపిల్ల కాలు మంచి ఎంపిక. లోపల గులాబీ రంగులో వదిలేస్తారు. ‘బియాఁ క్వీ’ అని చెప్పకపోతే పచ్చిగా ఉందని మనవాళ్లు వెనక్కి పంపించాల్సి వస్తుంది. శుక్రవారం ప్రొవాన్స్‌లో అయోలీ రోజు: ఉప్పు చేప, ఉడికిన కూరగాయలు, వెల్లుల్లి ముద్ద. ఆ రోజు మెనూలో ఉంటే వదలకండి. శాకాహారులు బుట్ట, ఓర్ దవ్ర్‌లోంచి చేప-మాంసం గిన్నెలు తీసేయించి తెప్పించుకుంటే అది పూర్తి భోజనమే. మూడో వంటకం కోసం వంటశాలతో వాదించక్కర్లేదు.

గ్రాన్ మార్నియే అనే నారింజ లిక్కరు వేసి గుడ్లతో చేసే తీపి సుఫ్లే కావాలంటే మొదటి ఆర్డరుతోనే చెప్పాలి. ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, ముందు చేసి పెట్టుకోవడం కుదరదు. తెల్లసొన గిలకొట్టినప్పుడు పట్టిన గాలి బుడగలు పొయ్యి వేడికి ఉబ్బి పైకి తోస్తాయి. బయటికి రాగానే చల్లబడి ముడుచుకుంటాయి. బల్ల మీదికి వచ్చాక రెండు మూడు నిమిషాలే దాని ఆయుష్షు. ఫోటో కోసం గిన్నె తిప్పుతూ కూర్చుంటే గుంట పడ్డ గుడ్డు కూర మిగులుతుంది. ఒక సంగతి: ఆ నారింజ లిక్కరులో ఆల్కహాలు నలభై శాతం. మద్యం ముట్టనివాళ్లు వేరే తీపి చెప్పుకోండి.

వైన్‌లో గులాబీ రంగు ప్రొవాన్స్ రోజే అందరూ తాగేది. నీస్ కొండల మీదే పండే బెలే చిన్న ప్రాంతం వైన్, బయట దొరకడం అరుదు, ఉంటే అది అడగండి. మంచినీళ్లకు ‘యూన్ కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. ఉత్త ‘వాటర్’ అంటే సీసా వస్తుంది, బిల్లులో పడుతుంది. సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది. నచ్చితే పైన కొద్దిగా పెట్టొచ్చు, పెట్టకపోతే తప్పు లేదు. మనిషికి వంద యూరోలు దాటుతుందని ముందే లెక్కలో వేసుకోండి. అడగనిదే బిల్లు తేరు. నిర్లక్ష్యం కాదు, లేవమని చెప్పకపోవడం మర్యాద.

ఇక బొమ్మలు. కూర్చున్న చోటి నుంచి ఎదురు గోడ, పక్క గోడ చూడండి, ఒకరికొకరు పేర్లు పందెం వేసుకోండి. వెయిటర్‌ను అడిగితే ఓపికగా చెప్తారు, వంటకానికీ వంటకానికీ మధ్య అడగండి. పక్క టేబుల్ వాళ్ల తల మీదుగా ఫోన్ చాపడం మాత్రం వద్దు. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నడవలు, మెట్లు నెమ్మదిగా దాటండి. ఈతకొలను దగ్గర కాల్డర్ మొబైల్ (గాలికి కదిలే శిల్పం), బ్రాక్ పావురం మొజాయిక్ ఉన్నాయి. అది బస చేసినవాళ్ల జాగా. కాఫీ తాగాక ‘ఒకసారి చూడొచ్చా’ అని అడిగి వెళ్లండి. టెర్రస్ గోడ మీది ‘చిలుకతో ఆడవాళ్లు’ సెరామిక్ లెజేది. దాని ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడండి, రేపు పని ఉంది.

1960లో ఒక రాత్రి దొంగలు ఇక్కడి నుంచి ఇరవై చిత్రాలు ఎత్తుకుపోయారు. తర్వాతి ఏడాది చాలావరకు దొరికాయి. తన బొమ్మను ముట్టుకోలేదని షగాల్ నొచ్చుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. గోడ మీద పేర్లు లేకపోయినా దొంగలకు ఏవి తీయాలో తెలిసిందన్నమాట.

భోజనం అయ్యేసరికి మూడు దాటుతుంది. ఎదుటి మైదానంలో పెతాంక్ ఆడుతుంటారు, ఇనప గోళీలాట. గాయకుడు, నటుడు ఈవ్ మోంతాన్ ఇక్కడే ఆడేవాడు. 1949లో నటి సిమోన్ సిన్యోరేను కొలొంబ్ దోర్‌లో కలిశాడు, 1951 డిసెంబరులో ఈ ఊళ్లోనే పెళ్లి. ఊరి లోపల రాళ్లు నాటిన సన్న వీధులు, అటూ ఇటూ గ్యాలరీలు. వాటికి పెద్దగా ఆగక్కర్లేదు, నాలుగు దాటాక గుంపులు తగ్గుతాయి. వెనకాల చివరన శ్మశానంలో షగాల్ సమాధి ఉంది. 1985లో పోయాడు. వచ్చినవాళ్లు పైన ఓ గులకరాయి పెట్టి పోతారు, యూదుల ఆచారం.

నాలుగో రోజు, శనివారం: బియో

ఆఖరి రోజు లెజేకి. నీస్–కాన్ రైలు మార్గంలో బియో స్టేషన్ సముద్రం ఒడ్డున ఉంటుంది, మ్యూజియం లోపలికి. నడవకండి, బస్సెక్కండి. ముఖభాగం మీద పెద్ద సెరామిక్-మొజాయిక్ కనిపిస్తుంది. జర్మనీలో హనోవర్ స్టేడియం కోసం లెజే వేసిన నమూనా అది, అక్కడ కట్టలేదు, ఇక్కడికి చేరింది.

నిన్నటి ‘చిలుకతో ఆడవాళ్లు’ సెరామిక్‌ను అర్థం చేసుకోవాలంటే రావలసింది ఈ ఊరికే. 1950 ప్రాంతంలో తన పూర్వ విద్యార్థి రోలాఁ బ్రిస్ ఇక్కడ పెట్టిన కార్ఖానాలో లెజే తన బొమ్మల్ని మట్టిలోకి మార్చడం మొదలుపెట్టాడు. అంతవరకూ కాన్వాసు మీద ఉన్న లావు నల్ల గీత మట్టిలో గట్టుగా లేచింది, రంగు గట్టుల మధ్య మడిలా నిలిచింది. నూనె రంగయితే ఆ టెర్రస్ మీద ఎండకూ వానకూ ఎన్నాళ్లో ఉండేది కాదు. మ్యూజియంలో ఆ సెరామిక్‌లను పక్క నుంచి, దగ్గరగా చూడనిస్తారు. భోజనం బల్ల దగ్గర అది కుదరదు.

సాయంత్రం విమానం ఉంటే నీస్ ఊళ్లోకి తిరిగి వెళ్లక్కర్లేదు. వెనక్కి వచ్చే లోకల్ రైల్లో నీస్ సెంట్రల్ కన్నా ముందు వచ్చే సాఁతోగుస్తాఁ స్టేషన్లో దిగితే గ్రాండ్ అరెనాస్ ట్రామ్ స్టాప్ పక్కనే. అక్కడి నుంచి టెర్మినల్ దాకా ఉచితం.